విశ్వవిద్యాలయమూ, మీ పొలం గట్టూ

ఈవేళ మీతో విశ్వవిద్యాలయాన్ని గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. ఆ పేరు వినగానే, "అది చదువుకున్నవాళ్ళ సంగతి, మన సంగతి కాదులే" అని మీలో కొందరు పక్కకు తిరగవచ్చు. తిరగకండి. మీ మడిలో నిలిచిన పైరుకూ, ఆ పెద్ద భవనానికీ మధ్య ఒక దారి ఉన్నది. అది ఎటునుంచి ఎటు నడుస్తుందో, ఎక్కడ ముళ్ళు పడి మూసుకుపోతుందో చూద్దాం.

ముందుగా ఒక ప్రశ్న. మీ తండ్రిగారు మీకు అప్పగించిన పొలం, మీరు మీ బిడ్డలకు అప్పగించే నాటికి ఎలా ఉంటుంది? నేనడిగేది విస్తీర్ణం మాట కాదు, సత్తువ మాట. ఒకప్పుడు నాగలి పెడితే వానపాములు పైకి తేలిన నేల ఇప్పుడు పెళ్ళలు పెళ్ళలుగా లేస్తున్నదనుకోండి. నిరుడు చాలిన ఎరువు ఈ ఏడు చాలడం లేదనుకోండి. బోరు ఏటేటా లోతుకు దించవలసి వస్తున్నదనుకోండి. అప్పుడు దస్తావేజులో ఒక్క సెంటు తగ్గకపోయినా మీ ఆస్తి తరిగిపోయినట్టే. పంట పండించడం ఒక్కటే సేద్యం కాదు. పండించే శక్తిని నిలబెట్టడం కూడా సేద్యమే. దీనినే ఇప్పుడు పెద్దలు సుస్థిర సేద్యం అంటున్నారు. మన ఇళ్ళల్లో మాట్లాడుకునే మాటల్లో చెప్పాలంటే, అసలు ముట్టుకోకుండా వడ్డీతో కాలక్షేపం చేసుకునే సేద్యం అన్నమాట.

ఈ పని రైతు ఒక్కడే చెయ్యలేడు. నేలలో ఏమున్నదో కంటితో కనిపించదు. తెగులుకు తట్టుకునే వంగడం ఒక్క రోజులో తయారు కాదు. అలాగని విశ్వవిద్యాలయం ఒక్కటీ చెయ్యలేదు. గదిలో కూర్చుని రాసిన పాఠం గట్టు మీద నడవకపోతే దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఇద్దరూ కలిస్తేనే పని. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

అసలు మన దేశంలో వ్యవసాయానికి ప్రత్యేకంగా విశ్వవిద్యాలయాలు ఎందుకు పెట్టారు? స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం, 1948లో, డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యను పరిశీలించడానికి ఒక సంఘం వేశారు. గ్రామాల అవసరాలకు తగినట్టుగా గ్రామీణ విశ్వవిద్యాలయాలు ఏర్పడాలని ఆ సంఘం సలహా ఇచ్చింది. అమెరికా దేశంలో 1862లోనే ఒక చట్టం చేసి, వ్యవసాయమూ చేతిపనులూ నేర్పే కళాశాలల కోసం రాష్ట్రాలకు ప్రభుత్వ భూములు ఇచ్చి ఉన్నారు. ఆ పద్ధతిని కూడా మనవాళ్ళు పరిశీలించారు. 1960లో పంత్‌నగరులో మన దేశపు మొదటి వ్యవసాయ విశ్వవిద్యాలయం వెలిసింది. 1964లో మన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1965 మార్చి 20వ తేదీన ప్రధానమంత్రి లాల్‌బహదూర్ శాస్త్రిగారు దానికి ప్రారంభోత్సవం చేశారు.

అంతకుముందు మనకు వ్యవసాయ విద్య లేదని కాదు. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 నుంచే ఉన్నది. మారుటేరులో వరి పరిశోధన 1925లో, అనకాపల్లిలో చెరకు పరిశోధన 1913లో మొదలైనాయి. అయితే చదువు చెప్పేవారు ఒకచోట, పరిశోధన చేసేవారు ఒకచోట, రైతుకు చెప్పేవారు మరొకచోట ఉండేవారు. విశ్వవిద్యాలయం వచ్చి, చదువూ, పరిశోధనా, విస్తరణా అనే మూడు పనులనూ ఒక కప్పు కిందికి తెచ్చింది. ముక్కాలి పీట చూశారు గదా! ఒక కాలు విరిగితే మిగతా రెండూ నిలబడవు. ఇదీ అంతే.

1996లో ఆ విశ్వవిద్యాలయానికి నిడుబ్రోలు రైతుబిడ్డ ఆచార్య ఎన్.జి. రంగాగారి పేరు పెట్టారు. 2014లో రాష్ట్రం రెండయిన తరువాత, తెలంగాణకు రాజేంద్రనగరులో ప్రొఫెసర్ జయశంకర్‌గారి పేర వేరే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. రంగాగారి పేరుగల విశ్వవిద్యాలయం గుంటూరు దగ్గర లాంకు చేరింది. పశువైద్యానికీ, తోటల పెంపకానికీ ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ వేరు వేరు విశ్వవిద్యాలయాలు ఉన్నాయి.

సరే, చరిత్ర విన్నారు. మరి వీటివల్ల పొలానికి ఏం వచ్చింది? మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది, స్వర్ణ. ఎం.టి.యు. 7029 అనే అంకె తెలియని వరి రైతు మనలో తక్కువ. మారుటేరు నుంచి 1982లో వచ్చిన ఆ వంగడం మన డెల్టాల్లోనే ఆగలేదు. ఒడిశా, బెంగాలు వైపు కూడా విస్తరించింది. అయితే దానికి ఒక లోపం ఉన్నది. వరద వచ్చి చేను నిండా మునిగి వారం దాటితే కుళ్ళిపోతుంది. గోదావరి, కృష్ణ దిగువన ఉండేవారికి ఈ బాధ ఒకరు చెప్పనక్కరలేదు.

ఇప్పుడు చూడండి తమాషా. ఒడిశా రైతులు ధలపుట్టియా అనే నాటు వరిని తరతరాలుగా కాపాడుకొంటూ వచ్చారు. అది మునకను ఓర్చుకొనేది. దాని నుంచి ఎంపిక చేసిన రకానికి ఎఫ్.ఆర్. 13 ఎ అని పేరు పెట్టారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులూ, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారూ కలిసి, ఆ ఓర్పు ఏ గుణం వల్ల వస్తున్నదో వెతికి పట్టుకొన్నారు. మామూలు వరి నీట మునిగితే ఏం చేస్తుంది? ఎలాగైనా పైకి రావాలని గబగబా సాగుతుంది. ఉన్న బలమంతా అందులోనే ఖర్చు చేసుకొని, నీరు తీసేసరికి పడిపోతుంది. ఎఫ్.ఆర్. 13 ఎ అలా కంగారుపడదు. ఎదుగుదల ఆపుకొని, బలం దాచుకొని, నీరు తీశాక మళ్ళీ చిగురిస్తుంది. ఆ గుణాన్ని మన స్వర్ణలోకి సంకరం ద్వారా తెచ్చారు. 2009లో స్వర్ణ సబ్-1 అనే పేర మన దేశంలో విడుదల అయింది. రెండు వారాల దాకా మునకను తట్టుకోగలదు.

దీంట్లో నేర్చుకోవలసింది ఏమిటి? మారుటేరు పరిశోధన ఉన్నది. కాలిఫోర్నియా ప్రయోగశాల ఉన్నది. కాని ఆ గుణం పుట్టింది ఈ రెండింటిలోనూ కాదు. దిగుబడి తక్కువైనా "మన ముంపు నేలకు ఇదే దిక్కు" అని విత్తనం పారెయ్యకుండా దాచుకొన్న ఒడిశా రైతు ఇంటి గాదెలో పుట్టింది. ఆ గాదె ఖాళీ అయి ఉంటే ఏ విశ్వవిద్యాలయమూ దానిని సృష్టించగలిగేది కాదు.

రెండవ ఉదాహరణ మన డెల్టాలోదే. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, తడి ఆరకుండా చేలోనే మినుములు, పెసలు వెదజల్లడం కృష్ణా, గోదావరి జిల్లాల రైతులకు తెలిసిన విద్య. దున్నకం లేదు, నీటి తడి లేదు. వరి తాగగా మిగిలిన తేమతోనే రెండో పంట చేతికి వస్తుంది. పైగా అపరాల వేళ్ళ మీద ఉండే బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలలో పెడతాయి. ఇది రైతు కనిపెట్టిన పద్ధతి. అయితే చలికాలంలో మినుముకు బూడిద తెగులు పట్టి ఆకులన్నీ పిండి చల్లినట్టయ్యేవి. ఆ తెగులును తట్టుకొనే ఎల్.బి.జి. 17 వంటి రకాలు లాం పరిశోధన స్థానం నుంచి వచ్చాక ఈ సేద్యానికి బలం చేకూరింది. ఎల్.బి.జి. అనే మూడక్షరాల్లో మొదటిది లాం ఊరి పేరే. పద్ధతి రైతుది, వంగడం విశ్వవిద్యాలయానిది. నేలకు మేలు, ఇంటికి పప్పు.

మూడవది శ్రీ పద్ధతి వరి సేద్యం. దీని కథ కొంచెం తీపి, కొంచెం చేదు. మడగాస్కర్ దీవిలో లోలానియే అనే ఫ్రెంచి మతగురువు అక్కడి రైతులతో కలిసి పనిచేస్తూ 1983లో ఈ పద్ధతిని రూపొందించారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు నార్మన్ అప్‌హాఫ్ దానిని ఇతర దేశాలకు తెలియజెప్పారు. మన విశ్వవిద్యాలయంలో అప్పటి విస్తరణ సంచాలకులు డాక్టర్ ఆలపాటి సత్యనారాయణగారు శ్రీలంకలో ఆ సేద్యం చూసి వచ్చి, 2003 ఖరీఫ్‌లో జిల్లా జిల్లాకూ రైతుల పొలాల్లోనే వేయించారు. ఎకరాకు 20 కిలోలకు పైగా వాడే విత్తనం 2 కిలోలకు దిగింది. ఎనిమిది నుంచి పన్నెండు రోజుల లేత నారును, మొక్కకూ మొక్కకూ మధ్య 25 సెంటీమీటర్ల ఎడం ఉంచి, ఒక్కొక్క మొక్క చొప్పున నాటించారు. నీరు నిలవగట్టకుండా తడుపుతూ ఆరబెడుతూ పెంచారు. దుబ్బుకు పిలకలు బాగా కట్టాయి.

మరి చేదు ఎక్కడ? లేత నారు తీసి నాటడం అలవాటు లేని చేతులకు కష్టమైంది. గొర్రు లాగా తోసే కలుపు పరికరం బరువైన నల్లరేగడిలో కదలక మొరాయించింది. కాలువ కింద ఉన్నవారికి నీరు కావలసినప్పుడు వచ్చి, వద్దన్నప్పుడు ఆగే వీలు లేకపోయింది. కొందరు కొనసాగించారు, చాలామంది మానేశారు. దిగుబడి ఎంత పెరుగుతుందన్న దాని మీద శాస్త్రజ్ఞులలోనే వాదోపవాదాలు జరిగాయి. అయినా అది వృథా పోలేదు. వరి నీటి మొక్క కాదు, నీటిని ఓర్చుకొనే మొక్క అని వేలాది రైతులు తమ కళ్ళతో చూశారు. మానేసినవారు ఎందుకు మానేశారో కూడా విశ్వవిద్యాలయానికి పాఠమే. ఆ పాఠం చెప్పగలిగింది రైతు ఒక్కడే.

ఇక చదువు సంగతికి వద్దాం. వ్యవసాయ కళాశాలలో చివరి సంవత్సరం చదివే పిల్లలను కొన్ని మాసాల పాటు గ్రామాలకు పంపుతారు. ఒక్కొక్కరిని ఒక్కొక్క రైతు కుటుంబానికి అప్పగిస్తారు. దీనిని గ్రామీణ వ్యవసాయ కృషి అనుభవ కార్యక్రమం అంటారు. రావెప్ పిల్లలు అని మీ ఊళ్ళో కూడా అని ఉంటారు. గుడి ముందు నేల మీద ముగ్గుతో, రంగులతో ఊరి పటం వేయించేది వీళ్ళే. చెరువు ఎక్కడ, మెరక ఎక్కడ, ఏ వీధిలో ఎన్ని బోర్లు ఎండిపోయినాయి అని పెద్దలను అడిగి గుర్తులు పెడుతుంటారు.

వీళ్ళలో పట్నంలో పుట్టిన పిల్లలుంటారు. పుస్తకంలో తప్ప నాగలి ఎరగనివాళ్ళుంటారు. వాళ్ళను చూసి నవ్వకండి. ఆ అబ్బాయి మీ అరుగు మీద కూర్చుని, "బాబాయిగారూ, ఎకరాకు ఎన్ని బస్తాల యూరియా వేస్తున్నారు?" అని అడుగుతాడనుకోండి. "మూడు" అని మీరంటారు. అతడు రాసుకొంటాడు. అంతటితో ఆగిపోతే ఆ చదువు దండగ. "మూడెందుకండీ?" అని అతడు అడగాలి. "పక్క చేను నల్లగా ఉంది, నాది వెలవెలబోతోంది. అప్పు పెట్టిన కొట్టువాడు వెయ్యమన్నాడు" అని మీరు దాచకుండా చెప్పాలి. అప్పుడు సంభాషణ మొదలవుతుంది. నత్రజని మితిమీరితే చేను నల్లగా కనబడుతుంది గాని, మొక్క మెత్తబడి పడిపోతుందనీ, సుడిదోమకూ ఆకుముడతకూ విందుభోజనం అవుతుందనీ అతడు చెబుతాడు. అప్పు కట్టాలంటే పంట తప్పకూడదు, ఆ భయంతోనే ఎక్కువ వేస్తున్నామని మీరు చెబుతారు. రేపు ఆ అబ్బాయి వ్యవసాయ అధికారి అవుతాడు, బ్యాంకులో కూర్చుంటాడు, లేదా తానే పరిశోధకుడవుతాడు. మీ భయం తెలిసినవాడికీ, తెలియనివాడికీ ఆనాడు రాసే సిఫారసులో తేడా ఉంటుంది. అందుచేత ఆ కొద్ది మాసాలూ అతనికి మీరే ఆచార్యులు సుమా!

ఆ పిల్లలు వెళ్ళిపోయాక మీకు అందుబాటులో ఉండేవి కృషి విజ్ఞాన కేంద్రాలు. మొదటి కేంద్రం 1974లో పుదుచ్చేరిలో, తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆధ్వర్యాన పెట్టారు. ఈనాడు దేశమంతటా 700 పైచిలుకు ఉన్నాయి. మీ జిల్లాలోనూ ఉండి ఉంటుంది. అక్కడికి చేతులూపుకొంటూ పోకండి. మూడు పనులు చేసి పొండి.

మొదటి పని, మట్టి పరీక్ష. వేసవిలో చేను ఖాళీగా ఉన్నప్పుడు, ఎరువు వెయ్యకముందే మట్టి తియ్యాలి. గట్టు పక్కన, చెట్టు నీడన, పెంట పోగు ఉన్నచోట తియ్యరాదు. ఎకరంలో అడ్డదిడ్డంగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల, పైచెత్త తొలగించి, పారతో ఇంగ్లీషు వి అక్షరం ఆకారంలో ఆరంగుళాల లోతు గుంట తియ్యండి. గుంట అంచు వెంట పైనుంచి కింది దాకా పలుచగా ఒక పొర గీకండి. అన్నిచోట్లా గీకిన మట్టి ఒక గోనె మీద పోసి, కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండూ తీసెయ్యండి. అర కిలో మిగిలేదాకా ఇలాగే చేసి, నీడలో ఆరబెట్టి, గుడ్డసంచిలో పోసి, పేరూ సర్వే నంబరూ వేసే పంటా రాసి ఇవ్వండి. ఎండలో ఆరబెట్టకండి. ఎరువుల సంచిలో పొయ్యకండి.

ఫలితాల కాగితం వచ్చాక మడిచి పెట్టెలో పెట్టకండి. అందులో సేంద్రియ కర్బనం అనే గడి చూడండి. అర శాతానికి తక్కువుంటే నేల బలహీనంగా ఉన్నదని అర్థం. ముప్పావు శాతానికి పైన ఉంటే బాగున్నది. నేను మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఆ గడిలోనే చాలావరకు ఉన్నది. రెండు మూడేళ్ళకొకసారి పరీక్ష చేయించి ఆ అంకె పెరుగుతున్నదో, తరుగుతున్నదో చూసుకోండి. బ్యాంకు పుస్తకంలో నిలవ చూసుకొన్నట్టే. భాస్వరం ఇప్పటికే నిలవ ఉన్నదని కాగితం చెబితే, ఆ ఎరువు ఎంత తగ్గించవచ్చో శాస్త్రజ్ఞుణ్ణి అడగండి. ఆ మేరకు డబ్బు మీ జేబులో మిగులుతుంది.

కర్బనం తగ్గినచోట పచ్చిరొట్ట వెయ్యండి. తొలకరికి జీలుగ, జనుము, పిల్లిపెసర, ఏది మీ నేలకు నప్పితే అది చల్లి, 45, 50 రోజులకు పూత తొడిగే వేళ కలియదున్నండి. చౌడు నేలల్లో జీలుగ మంచిది. వరిగడ్డి తగలబెట్టకండి. అగ్గిపుల్ల గీసినప్పుడు కాలేది చెత్త అనుకొంటాం. కాలేది మీ నేల తినవలసిన తిండి.

రెండవ పని, నీటి గొట్టం. అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టం ముక్క తీసుకొని, కిందిసగానికి చుట్టూ చిన్న చిన్న బెజ్జాలు పెట్టి, ఆరంగుళాలు నేలలో దిగేలా మడిలో పాతండి. లోపలి మట్టి తీసెయ్యండి. నాటిన రెండు వారాల తరువాత నుంచి, గొట్టంలో నీరు నేలమట్టానికి ఆరంగుళాలు దిగినప్పుడే మళ్ళీ తడి పెట్టండి. పూత వేళ మాత్రం మడిలో పలుచగా నీరుండాలి. ఈ పద్ధతిని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు ప్రచారం చేశారు. బాగా పాటించినచోట నూటికి 30 వంతుల దాకా నీరు ఆదా కావచ్చునని లెక్క. నిలవనీటి మడి నుంచి లేచే మీథేన్ అనే వాయువు కూడా తగ్గుతుంది. ఎండలు ముదరడానికీ, వానలు గతి తప్పడానికీ ఆ వాయువు కూడా ఒక కారణం. బోరు కింద వరి వేసేవారు ముందు ఒక్క మడిలో చేసి చూడండి. నమ్మకం కలిగాక మిగతాది.

మూడవ పని, ప్రశ్న. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. "కొత్త విత్తనం ఏమొచ్చింది?" అన్నది మంచి ప్రశ్నే, కాని అది ఒక్కటే చాలదు. "ఈ విత్తనం నా నేల నుంచి ఏం తీసుకొంటుంది? తిరిగి నేనేం పెట్టాలి? వాన రెండు వారాలు ఎగ్గొడితే నిలుస్తుందా? దీని విత్తనం నేను దాచుకోవచ్చునా?" అని కూడా అడగండి. మీరు దిగుబడి ఒక్కటే అడిగితే పరిశోధనా దిగుబడి వైపే పరుగెత్తుతుంది. మీరు నేల సంగతి అడిగితే అదీ నేల వైపు చూస్తుంది. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి అన్నం తినడానికి ఎంత బాగుంటుందో, ఎండాకు తెగులుకు అంత లొంగేది. ఆ తెగులుకు చల్లితే తగ్గే మందు సరైనది లేదని రైతు మొరపెట్టుకొన్నాడు గనుకనే, హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలకాలయమూ, కణ జీవశాస్త్ర కేంద్రమూ కలిసి, తెగులును సహజంగానే తట్టుకొనే మెరుగైన సాంబ మసూరిని తయారుచేసి 2008లో విడుదల చేశాయి.

ఇంతదాకా దారి బాగుందని చెప్పాను. ముళ్ళ మాట చెప్పకపోతే న్యాయం కాదు.

మన డెల్టాల్లో మడక పట్టేవారిలో ఎక్కువమంది కౌలుదార్లు. కౌలు ఏడాదికొకసారి మారుతుంది. నేలకు పెట్టింది తిరిగి రావడానికి మూడేళ్ళో, నాలుగేళ్ళో పడుతుంది. వచ్చే ఏడు ఈ పొలం తనదో కాదో తెలియని మనిషికి, "పచ్చిరొట్ట వెయ్యి, పశువుల ఎరువు తోలు" అని చెప్పడం సులువు. అతడు ఎందుకు వేస్తాడు? భూస్వాములైన సోదరులకు నా మనవి: కౌలు కనీసం మూడేళ్ళకు తక్కువ కాకుండా ఇవ్వండి. పచ్చిరొట్ట విత్తనం ఖర్చు మీరు భరించండి. బాగుపడేది మీ నేలే. విశ్వవిద్యాలయంవారికి నా మనవి: మీ సిఫారసు రాసేటప్పుడు, ఒక్క ఏడాదే చేతిలో ఉన్న మనిషి ఏం చెయ్యగలడో అది కూడా రాయండి.

రెండో ముల్లు. నాటేది, కలుపు తీసేది, విత్తనం ఏరి బూడిద కలిపి కుండలో దాచేది ఆడవాళ్ళు. రైతు సమావేశానికి పిలిచేది మగవాళ్ళను. ఆ కలుపు పరికరం ఎవరి చేతికి బరువైందో, వాళ్ళను అడిగి ఉంటే అది ముందే తేలికపడేదేమో! ఈసారి శిక్షణకు వెళ్ళేటప్పుడు మీ ఇంటి ఆడవారిని కూడా వెంటబెట్టుకొని వెళ్ళండి. సోదరీమణులారా, పిలవలేదని ఆగకండి. ఆ తలుపు మీకు కూడా తెరిచే ఉన్నది.

మూడోది భాష. పరిశోధన ఇంగ్లీషులో అచ్చవుతుంది. చేను తెలుగులో మాట్లాడుతుంది. అర్థం కానిది వింటే, అర్థమైనట్టు తలూపకండి. "బాబూ, ఇంకోసారి మన మాటల్లో చెప్పు" అని అడగండి. చెప్పలేకపోతే లోపం మీది కాదు.

సోదరులారా, విశ్వవిద్యాలయం ప్రజల పన్నుతో నడుస్తున్నది. అది గుడిలో దేవుడు కాదు, దూరం నుంచి దండం పెట్టి వచ్చెయ్యడానికి. ఊరి చెరువు వంటిది. చెరువులో నీరుండాలంటే పైనుంచి వాగు రావాలి. నీరు పొలానికి పారాలంటే కింద తూము తెరవాలి. మీ అనుభవమూ, మీ నాటు విత్తనమూ, మీ ప్రశ్నలూ ఆ చెరువుకు వచ్చే వాగు. మీ గడపలోకి వచ్చే విద్యార్థీ, మీ జిల్లా కేంద్రంలోని శాస్త్రజ్ఞుడూ దాని తూము. రెండింటిలో ఏది పూడినా చెరువు ఉండీ లేనట్టే. పూడిక తియ్యడానికి పూర్వం ఊరంతా పలుగూ పారా పట్టుకొని కదిలేది. ఇదీ అటువంటి పనే.

ఈ వేసవిలో, మొదటి వాన పడకముందే, ఒక సంచి మట్టి తీసి పరీక్షకు ఇవ్వండి. వెళ్ళేటప్పుడు ఒక ప్రశ్న కూడా పట్టుకొని వెళ్ళండి. పంటలు బాగా పండాలనీ, పండించే నేల అంతకన్నా బాగుండాలనీ కోరుకొంటూ సెలవు తీసుకొంటాను.